తొక్క తీసి చూసిన కడ్డీ

రిపోర్టు చివర కుడివైపు 'తయారుచేసినవారు' అని ఒక చిన్న గడి ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఆ గడిలో సంతకం పెట్టడం అంటే భలే సరదా. నాకూ ఉండేది. ఆ సరదాలోనే నేనొకసారి ఒక మనిషిని ఆయన పదహారేళ్ళుగా నడిపిన ప్రెస్ మీద నుంచి దింపేశాను. తరవాత మళ్ళీ ఎక్కించాను కూడా. ఎక్కించినందుకు నాకు ఈ రోజుకీ గర్వమే. అయితే దింపిన సంగతి దాచిపెట్టి ఎక్కించిన సంగతి చెప్పడం కుదరదు కాబట్టి రెండూ చెబుతాను. మీలో లెక్కలనీ కంప్యూటర్లనీ నమ్ముకుని ఫ్యాక్టరీల్లో చేరబోయేవాళ్ళు కాస్త ఓపిగ్గా వినండి.

ఎనభైల మధ్యలో మాట. గుంటూరు నుంచి నల్లపాడు దాటాక, రైలు గేటుకి అవతల ఉండేది మా ఫ్యాక్టరీ. ఒక పక్క పత్తి జిన్నింగు మిల్లు, ఇంకో పక్క మిరపకాయలు ఆరబోసే కల్లాలు. మధ్యలో మేం అల్యూమినియం కడ్డీలు తీసేవాళ్ళం. మాఘం దాటిందంటే ఆఫీసులో ప్రతి వాక్యానికీ మధ్య ఒక తుమ్ము. ఇంటర్వ్యూలో నన్ను 'ఆడపిల్లవి, మెటలర్జీ ఎందుకు చదివావమ్మా' అని అడిగారు. 'సీటు వచ్చిందండి, అందుకు' అన్నాను. నిజానికి అంతకంటే గొప్ప కారణమే ఉంది గానీ, ఆ ప్రశ్నకి గొప్ప కారణం చెప్పబుద్ధి కాలేదు.

పని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. తొడ లావు అల్యూమినియం దుంగని కొలిమిలో కాలుస్తారు. దాన్ని బిల్లెట్ అంటాం. అది కరక్కూడదు, మెత్తబడాలి. దాన్ని ప్రెస్‌లో పెట్టి వెనక నుంచి నెడితే, ముందున్న డై అనే ఉక్కు అచ్చు రంధ్రంలోంచి బొటనవేలు లావు కడ్డీ బయటికొస్తుంది. జంతికల గొట్టం తిప్పిన చేతులకి ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు. తేడా అల్లా ఏమిటంటే, జంతికలు ఒకసారే కాలతాయి. మా కడ్డీలని గట్టిపడటానికి మళ్ళీ ఇంకో కొలిమిలో కాల్చి నీళ్ళలో ముంచుతాం. ప్రెస్ దగ్గర జరిగిన తప్పు చాలావరకు ప్రెస్ దగ్గర కనపడదు, ఈ రెండో కాల్పు అయ్యాకే బయటపడుతుంది. ఎవరి తప్పో తేల్చడం అందుకే కష్టం.

లోహాన్ని దగ్గరగా చూస్తే లోపలంతా సన్నటి రేణువులు ఉంటాయి. వేడి మీద నొక్కినప్పుడు అవి సాగుతాయి, విరుగుతాయి, కొత్తవి పుడతాయి, పెరుగుతాయి. సన్నగా ఉంటే లోహం మాట వింటుంది. బండగా పెరిగితే వంచిన చోట పెళుసు బారుతుంది. ఎంత వేడి మీద ఎంత వేగంగా నెడితే రేణువు ఎంత అవుతుందో ముందే లెక్కగట్టి చెప్పడం నా పని. విదేశీ పత్రికల్లోంచి సమీకరణాలు ఏరుకొచ్చి, రాత్రింబవళ్ళు కూర్చుని కంప్యూటర్‌కి ఎక్కించాను. అందులో జెడ్ అనే అంకె ఒకటి ఉంటుంది. వేడి తగ్గినా, వేగం పెరిగినా జెడ్ పెరుగుతుంది. వేడినీ వేగాన్నీ కలిపి ఒకే అంకెలో చెప్పే ఏర్పాటు అది. దాని మీద నాకు ఎంత ప్రేమంటే, మా అమ్మ పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఆ అంకె గురించి చెప్పి ఆవిడ నోరు మూయించేదాన్ని.

ఇక ఆ కంప్యూటర్. ఫ్యాక్టరీ మొత్తానికి అదొక్కటే. దానికో గది, గదికి ఏసీ, తెర మూల కుంకుమ బొట్టు, పైన కుట్టు పూల గుడ్డ. చెప్పులు గుమ్మం బయట విప్పి, అక్కడున్న తడిగుడ్డ మీద కాళ్ళు తుడుచుకుని లోపలికి రావాలి. మిరప ధూళి పడితే ఫ్లాపీలు పాడవుతాయని మేనేజరు గారు పెట్టిన నియమం. నేను దాన్ని ఆయనకంటే నిష్ఠగా పాటించాను. ప్రెస్ షెడ్డులో పనిచేసేవాళ్ళ కాళ్ళకి గ్రాఫైట్ మసి ఉంటుంది, అది తడిగుడ్డకి పోయేది కాదు. అందుకని వాళ్ళు గుమ్మం దాటేవాళ్ళు కాదు. నేనూ షెడ్డులోకి వెళితే మళ్ళీ కాళ్ళు కడుక్కోవాలని వెళ్ళేదాన్ని కాదు. ప్రెస్ లెక్క రాసేవాళ్ళకీ ప్రెస్ నడిపేవాళ్ళకీ మధ్య ఒక తడిగుడ్డ అడ్డం అన్నమాట. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు అది శుభ్రత అనుకున్నాం.

ప్రెస్ నడిపేది మా మేస్త్రీ. నల్లపాడు పక్క పేటలో ఉండేవాడు. తల్లిదండ్రులు మిరప చేలల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. ఆయన వాళ్ళ చర్చిలో పెద్ద, ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆయనే. బిల్లెట్ మీద చీపురు ఈనె ఒకటి రుద్ది, అది మాడే తీరు చూసి వేడి ఎంతో చెప్పేవాడు. కొలిమి మీటరు చూడమంటే, 'చూస్తానమ్మా, పాపం అది కూడా ఉద్యోగస్థురాలేగా' అనేవాడు.

మా కడ్డీలు ఊళ్ళోనే ఉన్న ఒక స్ప్రేయర్ల కంపెనీకి వెళ్ళేవి. వాళ్ళు వాటిని వంచి, వీపుకి తగిలించుకుని మందు కొట్టే మిషన్లకి చేతిపిడులు చేసేవాళ్ళు. పత్తికి పురుగు మీద పురుగు పడుతున్న రోజులు. పల్లెల్లో తెల్లారి లేస్తే ఆ పిడి కిందకీ పైకీ ఆడటమే చప్పుడు. ఒక సీజనులో కడ్డీలు తిరిగి రావడం మొదలైంది. వంచిన చోట పైభాగం బత్తాయి తొక్కలా గరుకుదేలుతోంది, కొన్ని పగులుతున్నాయి. చివరికి మా అన్నయ్యే ఒక విరిగిన పిడి తెచ్చి నా బల్ల మీద పడేశాడు. మా సొంత చేలో, మందు కొడుతుండగా విరిగి ఆయన అరచెయ్యి చీరింది.

'మీ ఫ్యాక్టరీ సరుకేనంటగా, ఉంచుకో' అన్నాడు కట్టు కట్టిన చెయ్యి చూపిస్తూ.

విరిగిన చోట చూశాను. మధ్యలో మట్టిరంగు, అంచు చుట్టూ పటిక బెల్లం విరిచినట్టు తళతళ. చూశాను గానీ ఆలోచించలేదు. సొరుగులో పెట్టేశాను.

మేనేజరు గారు నన్ను పిలిచి, 'నీ కంప్యూటరు ఏమంటుందో రిపోర్టు రాయమ్మా' అన్నారు. అబ్బో, ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నదాన్ని. ల్యాబ్‌లో ఉన్న పాత నమూనాలన్నీ కొలిచాను, లాగ్ పుస్తకాలు తిరగేశాను, లెక్కలు కట్టాను. నా లెక్కకీ నమూనాల్లోని రేణువుల కొలతలకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆ గ్రాఫు చూసుకుని నేను పొంగిపోయిన పొంగు పాలు కూడా పొంగవు. మరి కడ్డీలు ఎందుకు చెడుతున్నాయి? ప్రెస్ దగ్గర గోడకి వేలాడే చార్టు ప్రకారం బిల్లెట్ నాలుగు వందల యాభై డిగ్రీలు ఉండాలి. మేస్త్రీ నాలుగు వందల తొంభై దాకా కాలుస్తున్నాడు. వేడి ఎక్కువైతే రేణువులు పెరుగుతాయని మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలుసు. తప్పు దొరికేసిందనుకున్నాను.

రిపోర్టులో రెండు ముక్కలు రాశాను. ఒకటి, ప్రెస్ మేస్త్రీ చార్టును ఉల్లంఘించి బిల్లెట్లను అతిగా కాల్చడమే లోపానికి కారణం. రెండు, వేడి తగ్గిస్తే వేగం పెంచుకోవచ్చు, ఉత్పత్తి కూడా పెరుగుతుంది. ఆ రెండో ముక్క చదివిన మేనేజరు గారి మొహం వెలిగిపోయింది. గడిలో సంతకం పెట్టాను, ఇంటిపేరుతో సహా.

మర్నాడే మేస్త్రీని ప్రెస్ నుంచి తప్పించి ప్యాకింగ్‌లో వేశారు. పై నెలాఖరు శనివారం విచారణ. 'ఉద్దేశపూర్వకంగా చార్టు ఉల్లంఘన' అని నోటీసు ఇచ్చారు. అది రుజువైతే ఉద్యోగం పోతుంది. రుజువు అంటూ వాళ్ళ దగ్గరున్నది నా రిపోర్టు ఒక్కటే. ఆయన నా దగ్గరికి వచ్చాడు. గుమ్మం బయటే, తడిగుడ్డకి అవతల నిలబడ్డాడు.

'అమ్మా, చల్లటి దుంగని నెడితే ప్రెస్ మూలుగుతుందమ్మా. అది మూలిగిన రోజు కడ్డీ ఏడుస్తుంది. నేను పదహారేళ్ళుగా వింటున్నా.'

'మేస్త్రీ గారూ, మూలుగుడు లెక్కలోకి రాదండి' అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఇంకెవరో అన్నారని చెప్పుకునే వీలుంటే బాగుండేది.

ఆయన 'సరేలేమ్మా, మీరు చదువుకున్నవాళ్ళు' అని వెళ్ళిపోయాడు. ఆ మాటలో ఎకసెక్కం లేదు. ఉంటే నాకు సులువయ్యేది.

నా రిపోర్టు ప్రకారం కొత్త చార్టు మొదలైంది. వేడి తగ్గింది, వేగం పెరిగింది, లారీలు నిండాయి. మూడు వారాలు నేను షెడ్డు ముందు నుంచి తలెత్తుకుని నడిచాను. నాలుగో వారం ఆ లారీలు అలాగే తిరిగొచ్చాయి. ఇదివరకు పదింట ఒకటో రెండో చెడేవి, ఇప్పుడు సగానికి సగం. స్ప్రేయర్ల కంపెనీ నుంచి వాళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇంకో పది రోజుల్లో తేల్చకపోతే ఆర్డరు మానేస్తామని చెప్పి వెళ్ళాడు. మేనేజరు గారు నన్ను చూసిన చూపు నేను మీకు వర్ణించను. నా లెక్క తప్పయ్యే వీల్లేదు, నమూనాలన్నిటితో సరిపోయింది కదా. కొత్తగా ప్రెస్ ఎక్కినవాడికి చేతకావడం లేదనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నారని ఊరికే పుట్టలేదు సామెత.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి క్యాంటీన్‌లో మిరపకాయ బజ్జీలు. మూలబల్ల దగ్గర మేస్త్రీ ఒక్కడే కూర్చున్నాడు. ఇంకెక్కడా ఖాళీ లేక, మొహం చెల్లకపోయినా, ఎదురుగా కూర్చున్నాను. ఆయన బజ్జీ తుంచి చూసి వంటాయనతో అన్నాడు: 'ఏరా, పైన మాడింది, లోన కాయ పచ్చిగానే ఉంది. మంట ఎక్కువపెట్టి తొందరపడ్డావ్.' తరవాత నావైపు తిరిగి, మామూలుగా, నిష్టూరం లేకుండా అడిగాడు. 'అమ్మా, కడ్డీ కోసి చూస్తారంటగా మీరు. పైన చూస్తారా, లోన చూస్తారా?'

'అంతా చూస్తామండి, అడ్డంగా కోస్తాం' అన్నాను.

'అంతా ఎక్కడుంటుందమ్మా? ప్యాకింగ్ షెడ్డు పక్కనేగా మీ లేత్. మీ కడ్డీ ముక్కలకి లేత్ కుర్రాడు తొక్క తీస్తున్నాడు, రోజూ చూస్తున్నా.'

నా చేతిలో బజ్జీ చేతిలోనే ఉంది. ల్యాబ్‌లో నమూనాని ప్లాస్టిక్ అచ్చులో బిగించి నునుపు చేయాలి. ఆ అచ్చు మా కడ్డీ కంటే బాగా సన్నం. పట్టడం కోసం ల్యాబ్ వాళ్ళు ప్రతి ముక్కనీ లేత్ మీద చుట్టూ చెక్కి సన్నం చేసి పంపుతున్నారు. ఎప్పటి నుంచో అదే అలవాటు, ఎవరూ ఎవరికీ చెప్పుకునే సంగతి కాదు. నేను రెండేళ్ళుగా కొలిచిన నమూనాల్లో ఒక్కదానికీ చర్మం లేదు. రోగం ఉన్న చోటునంతా తురుము చేసి డబ్బాలో పోసి, ఆరోగ్యంగా ఉన్న గుజ్జుని కొలిచి, దానికి సరిపోయేలా లెక్కగట్టి మురిసిపోయాను. తొక్క తీసేసి, పండుకి మచ్చలేదని సర్టిఫికెట్ ఇచ్చాను.

పరుగెత్తి వెళ్ళి సొరుగులోంచి అన్నయ్య తెచ్చిన పిడి తీశాను. అంచు చుట్టూ అదే తళతళ. ఒక కడ్డీ ముక్కని లేత్‌కి ఇవ్వకుండా రంపంతో కోసి, రేణువులు బయటికి కనపడేలా కాస్టిక్ సోడా నీళ్ళలో ముంచి కడిగాను. భూతద్దం కూడా అక్కర్లేకపోయింది. మధ్యలో సన్నటి నూక, చుట్టూ మందంగా బండ రేణువుల పట్టీ, చెరుకు గడ అడ్డంగా కోస్తే గట్టి తొక్క కనపడ్డట్టు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. పట్టీని చూసి కాదు, తడిగుడ్డకి అవతల నిలబడ్డ ఆ మనిషి గుర్తొచ్చి.

తరవాత వారం రోజులు స్నానానికి తప్ప ఇంటికి వెళ్ళలేదు, కంప్యూటర్ ముందే కూర్చున్నాను. కడ్డీ మొత్తాన్నీ ఒకటిగా చూసే పాత లెక్క చింపేసి, ఒకదానిలో ఒకటి పెట్టిన గాజుల్లా ఎనిమిది పొరలుగా విడగొట్టాను. డైకి రాసుకుంటూ వచ్చే పై పొర లోపలి పొర కంటే ఎన్నో రెట్లు ఎక్కువ నలుగుతుంది. దాని జెడ్ వేరు, దాని గతి వేరు. చల్లగా, వేగంగా నెడితే ఆ నలుగుడంతా పై పొరలో కోపంలా దాగి ఉంటుంది. రెండో కాల్పులో ఆ కోపం బయటపడి రేణువులు బండగా పెరుగుతాయి. వేడిగా, నిదానంగా నెడితే దాచుకోడానికి కోపమే ఉండదు. అంటే మేస్త్రీ అతిగా కాల్చడం లేదు, సరిగ్గా కాలుస్తున్నాడు. నా చార్టే రోగానికి పుష్టి పెట్టింది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. లోహం ఎంత మొండికేస్తే ప్రెస్‌కి అంత బలం కావాలి, అంత మూలుగుతుంది. ఆ మొండితనానికీ జెడ్‌కీ సూటిగా లంకె ఉంది, సమీకరణం నా పుస్తకంలోనే ఉంది. నేను జెడ్ అని కాగితం మీద కట్టేదాన్ని ఆయన చెవితో వింటున్నాడు. లెక్కలోకి రాదన్నానే, లెక్క అంతా అదే.

ఏ మాటకా మాటే చెప్పాలి, ఆయన కూడా పూర్తిగా కడిగిన ముత్యం కాదు. పాత లాగ్ పుస్తకాల్లో ఆయన రోజుల్లో చెడిన కడ్డీలన్నీ కరెంటు పోయి వచ్చిన రోజులవి. కరెంటు పోయినంతసేపూ ఆగిన పనిని పూడ్చడానికి ఆయన ఈలవేసుకుంటూ వేగంగా నెట్టేశాడు. ఆ తొందర ఆయనకి ఎవరు నేర్పారంటే, నెలవారీ టార్గెట్ బోర్డు నేర్పింది. ఆ బోర్డు రాసింది మేనేజరు గారు. తిలా పాపం తలా పిడికెడు.

విచారణ శనివారం. గురువారం మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన మంచివాడే, నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నవాడే. తలుపు వేసి చెప్పారు.

'చూడమ్మా, కొత్త చార్టు పెట్టు, సంతోషం. దానికి సవరణ అని పేరు పెట్టు చాలు. మొదటి రిపోర్టు తప్పని ఎందుకు రాస్తావ్? ఆడపిల్ల కట్టిన లెక్క తప్పంట అని షెడ్డంతా నవ్వుతుంది. రేపు నీకు ప్రమోషన్ ఎవరిస్తారు?'

'మరి మేస్త్రీ గారండి?'

'ఆయన విషయం వేరు. చార్టు ఉల్లంఘించాడా లేదా? ఉల్లంఘించాడు.'

నేను భయపడలేదని చెబితే అబద్ధం. షెడ్డు నవ్వుతుందనే నా భయం. ఆ ఉద్యోగంలో ప్రతి రోజూ ఆ నవ్వుని ఒకడుగు దూరంలో పెట్టడానికే బతికాను. అక్కడి నుంచి తిన్నగా ప్యాకింగ్ షెడ్డుకి వెళ్ళాను, చెప్పులతోనే. మేస్త్రీ కడ్డీల కట్టకి గోనె చుట్టి పురికొస బిగిస్తున్నాడు. అంతా చెప్పి, తప్పు నాదండీ అన్నాను.

ఆయన ముడి వేయడం పూర్తి చేసి అన్నాడు: 'తప్పు ఒప్పుకోడం మా చర్చిలో ప్రతి ఆదివారం ఉండే పనేనమ్మా. సోమవారం మళ్ళీ చేస్తాం, అదీ ఉంది.' ఇంకో కట్ట దగ్గరికి లాక్కుంటూ, 'తొందరపడ్డ రోజులు నాకూ తెలుసు. అది కూడా రాయండి, దాచొద్దు' అన్నాడు.

'రాస్తే మీకే దెబ్బండి.'

'సగం నిజం చెబితే ఆ సగమూ నమ్మరమ్మా.'

శుక్రవారం స్ప్రేయర్ల కంపెనీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆ ఒక్క రోజే ఉంది నాకు. ఆయన ముందు మూడు కడ్డీలు తీద్దామని మేనేజరు గారిని బతిమాలాను. ఒకటి నేను పెట్టించిన చార్టు ప్రకారం. రెండోది వేడిగా, నిదానంగా. మూడోది వేడిగా, వేగంగా, కరెంటు వచ్చిన రోజుల్లోలా. ప్రెస్ మీద మేస్త్రీయే ఉండాలి. ఆర్డరు పోతుందన్న భయంతో ఒప్పుకున్నారు. ప్రెస్ మొదలవక ముందే మూడు కడ్డీల మీదా బండ పట్టీ ఎంత మందం వస్తుందో నా కంప్యూటర్ చెప్పిన అంకెలు కాగితం మీద రాసి, కవరు అంటించి ఇన్‌స్పెక్టరు జేబులో పెట్టాను. ఆయన నన్ను చిలకజోస్యం చెప్పేవాళ్ళని చూసినట్టు చూశాడు.

పొద్దున తొమ్మిదికి మేస్త్రీ ప్రెస్ ఎక్కాడు. నేను ఆయన పక్కనే నిలబడ్డాను. రెండేళ్ళ ఉద్యోగంలో నేను ప్రెస్‌ని దగ్గర నుంచి వినడం అదే మొదలు. మొదటి దుంగకి అది నిజంగానే మూలిగింది, కాళ్ళ కింద నేల కూడా చెప్పింది. రెండో దుంగకి గేదె నీళ్ళలోకి దిగినంత నెమ్మదిగా కదిలింది. మూడోది నెట్టబోతూ ఆయన నాతో మెల్లగా అన్నాడు.

'ఇది మీ పట్టీ సంగతి తరవాత, ముందు ఇక్కడే పగులుద్దమ్మా, అలాంటివి అప్పుడే ఏరి పారేసేవాణ్ణి. మీ మిషను చెప్పిందా?'

చెప్పలేదు. కడ్డీ బయటికొస్తూనే దాని ఒంటి మీద అడ్డంగా సన్నటి చీలికలు, పాము కుబుసంలా. అంత వేడి మీద అంత వేగాన్ని పై పొర తట్టుకోలేదు. ఆ పగులు నా లెక్కలో ఎక్కడా లేదు.

మూడింటినీ రెండో కొలిమిలో కాల్చి, నీళ్ళలో ముంచి, తొక్క తీయకుండా కోసి, కాస్టిక్‌లో కడిగేసరికి మధ్యాహ్నం మూడయింది. ల్యాబ్ కిటికీ దగ్గర వెలుతురులో పెట్టాం. ఇన్‌స్పెక్టరు కవరు చింపి, స్కేలు పట్టుకుని కొలిచాడు. మొదటిదానికి నేను మూడు మిల్లీమీటర్లు రాశాను, మూడుకి కాస్త తక్కువ వచ్చింది. రెండోదానికి అర మిల్లీమీటరు లోపు రాశాను, పట్టీ కోసం ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని వెతకాల్సి వచ్చింది. మూడోదానికి రెండు రాశాను, రెండే వచ్చింది. ఆయన మళ్ళీ కొలిచాడు. తరవాత ఆ కాగితాన్ని మడిచి నాకివ్వకుండా మళ్ళీ తన జేబులోనే పెట్టుకున్నాడు.

'ఈ రెండోది ఎవరి పద్ధతండీ?' అని అడిగాడు.

మేనేజరు గారు నావైపు చూశారు. ఆయన 'మా అమ్మాయి లెక్క' అనడానికి నోరు తెరవబోతున్నారని నాకు తెలుసు. ఆ మాట తీపిగానే ఉండేది.

'మా మేస్త్రీ గారిదండి. పదహారేళ్ళుగా ఇలాగే చేస్తున్నారు. నేను తప్పుడు లెక్క కట్టి దాన్ని మాన్పించాను. మొదటిది నా పద్ధతి, మీ సరుకు పాడు చేసింది అదే. మూడోది కరెంటు పోయిన రోజుల్లో మా అందరి తొందర' అన్నాను.

షెడ్డు వాళ్ళు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు. ఒక్కరు కూడా నవ్వలేదు. అన్ని నెలలూ నేను భయపడ్డ నవ్వు అసలక్కడ లేనే లేదు.

శనివారం విచారణకి నేను రెండో రిపోర్టు ఇచ్చాను. మొదటి వాక్యం: 'నా మొదటి రిపోర్టు తప్పు.' తరవాత ఎందుకు తప్పో, లేత్ సంగతి, పొరల సంగతి, కరెంటు రోజుల సంగతి, టార్గెట్ బోర్డు సంగతి. మేనేజరు గారు చివరిది చదివి గొంతు సవరించుకున్నారు, కొట్టెయ్యలేదు. అందుకు ఆయనకి ఈ రోజుకీ దణ్ణం పెడతాను. పావుగంటలో విచారణ మూసేశారు. గడిలో సంతకం పెట్టేటప్పుడు మొదటిసారి ఉన్న సరదా లేదు. నా ఉద్యోగ జీవితంలో చాలా రిపోర్టులు రాశాను, కొన్నింటికి శాలువాలు కూడా కప్పారు. నేను ఫ్రేము కట్టించుకోవాలనుకున్నది మాత్రం ఆ ఒక్కదాన్నే. ప్రమోషన్ ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది. వచ్చిందిగా.

సోమవారం మేస్త్రీ మళ్ళీ ప్రెస్ ఎక్కాడు. ఎక్కే ముందు కంప్యూటర్ గది గుమ్మం దగ్గరికి వచ్చి అలవాటుగా ఆగాడు. నేను లేచి వెళ్ళి ఆ తడిగుడ్డని కాలితో పక్కకి తోశాను.

'రండి మేస్త్రీ గారూ.'

'మసి కాళ్ళమ్మా.'

'ఫర్వాలేదండి, రండి.'

వచ్చాడు. తెల్ల గచ్చు మీద గుమ్మం నుంచి కుర్చీ దాకా నల్లటి అడుగులు పడ్డాయి. తెర మీద పరుగెత్తే అంకెలు చాలాసేపు చూశాడు.

'ఇందులో నా ప్రెస్ ఉందా అమ్మా?'

'ఉందండి.'

'మూలుగుతుందా?'

లేదని ఒప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికి నా ప్రోగ్రాములో వేడి ఉంది, వేగం ఉంది, రేణువు ఉంది. ప్రెస్‌కి ఎంత బలం పడుతుందో లేదు. ఆ వారమే కలిపాను. ఆయన చెవితో విని గీసిన ఒత్తిడి గీత దాటితే తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో 'మూలుగు' అని పడేలా పెట్టాను. ఆయన రోజూ మధ్యాహ్నం వచ్చి, చెవితో విన్నదీ తెర మీద పడ్డదీ ఒకటేనా అని సరిచూసి, తేడా వస్తే నాతో పోట్లాడేవాడు. పోట్లాడినప్పుడల్లా లెక్క ఇంకాస్త చక్కబడింది. వేడి మీద పగుళ్ళు ఎప్పుడొస్తాయో కూడా అలా పోట్లాడే కలిపించాడు. ఆ స్ప్రేయర్ల కంపెనీ తరవాత ఆర్డరు రెట్టింపు చేసింది. మా అన్నయ్య చేతిలో పిడి మళ్ళీ విరగలేదు.

కొన్నేళ్ళకి ఆ లెక్క సంగతి విని, పెద్ద పరిశోధనశాల నుంచి ఒక శాస్త్రవేత్త చూడ్డానికి వచ్చాడు. ప్రోగ్రాము కాగితాలన్నీ శ్రద్ధగా చదివాడు. ప్రతి సమీకరణం పక్కనా అది ఏ పత్రికలోంచి వచ్చిందో నేను రాసిపెట్టాను. ఒక్కచోట ఏమీ లేదు.

'ఈ మూలుగు అనే రాశి బాగా పనిచేస్తోందమ్మా. దీనికి ఆధారం ఏమిటి? ఎవరి పేపరు?' అన్నాడు పెన్ను తీసి.

నేను కిటికీలోంచి షెడ్డు వైపు చూపించాను.

'పేపరు కాదండి. అదిగో, ప్రెస్ మీద ఉన్నారు. చెప్పులు వేసుకోండి, వెళ్ళి అడుగుదాం.'